బంతి నారుకి ఏ సీసా పోయాలి అంటే...

ప్రోట్రేల్లో (గుంతల ట్రేల్లో) బంతి, పెటూనియా నారు బాగా ఎదగాలంటే ఏ బయోస్టిమ్యులెంట్, అంటే ఎదుగుదలకి ఊతమిచ్చే మందు, మంచిదని అడిగారు. మాది కడియం పక్క, నారు పెంచడమే మా పని. నేను డబ్బు పెట్టేది సముద్రపు నాచు రసానికి ఒక్కదానికే. అదీ ట్రేలో మట్టికి బదులు నింపే కొబ్బరి పొట్టు కడిగాకే.

కిందటి దసరా ముందు మా బావ ఫోన్ చేశాడు, "ఒరేయ్, నారు కదలట్లేదురా, ఒకసారి వచ్చి చూడు" అని. షెడ్డులో సీసాలు వరసగా పేర్చి ఉన్నాయి: హ్యూమిక్, నాచు రసం, అమైనో ఆమ్లాలు. షాపువాడు చెప్పినవన్నీ చెప్పిన వరసలోనే పోశాడట. బంతి మాత్రం రెండాకుల దగ్గరే ఆగి, ఆకుల అంచులు మాడిపోయాయి. ఒక మొక్క లాగితే కాడకి నాలుగు గోధుమరంగు వేళ్ళు వేలాడుతూ వచ్చాయి, పొట్టంతా గుంతలోనే ఉండిపోయింది. మంచి నారైతే తెల్లటి వేళ్ళు అల్లుకుని గుంత ఆకారంలో ముద్దగా ఊడి రావాలి. ఆ పొట్టు పిండిన నీళ్ళలో ఈసీ మీటరు (నీళ్ళలో ఉప్పు ఎంతుందో చూపేది) పెడితే 2 దాటింది. పొట్టు ఇటుకలు నానబెట్టి, కడగకుండానే నింపేశాడు.

"ఉప్పు బావా ఇదంతా."

"మరి సీసాలు అమ్మినవాడు చెప్పలేదే!"

ఎందుకు చెబుతాడండీ? పొట్టు కడగమంటే వాడికేం మిగులుతుంది?

నాచు రసం ఎరువు కాదు. ఆక్సిన్లు, సైటోకైనిన్లలాంటి మొక్కల హార్మోన్లు అందులో కొద్దికొద్దిగా ఉంటాయి. వేరు బాగుంటేనే వాటితో పని. ట్రేలోంచి కుండీకి మార్చే ముందు రోజు లీటరుకి 2 మి.లీ. కలిపి, ట్రేని అందులో ముంచి తీస్తాను. మార్చాక వాడిపోవడం బాగా తగ్గుతుంది. మీరు చేస్తే ఒక ట్రే ఉత్త నీళ్ళతోనే ఉంచండి, తేడా మీకే కనిపిస్తుంది.

మైకోరైజా (వేరుకి తోడుగా బతికే శిలీంధ్రం) పొడి అమ్మేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. భాస్వరం దట్టంగా వేసే నర్సరీలో అది వేరుకి సరిగా పట్టదు. అదే చేత్తో మళ్ళీ శిలీంధ్రనాశని కూడా అంటగడతారు! 2021లో కేంద్రం బయోస్టిమ్యులెంట్లని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది కదా. ఏ నాచు, ఎంత శాతం అన్నది సీసా మీద లేకపోతే అక్కడే పెట్టేసి వచ్చేయండి.

ఇక పువ్వు విచ్చిన నారే కావాలనే తోటపని కాంట్రాక్టర్లు మరో తలనొప్పి. ట్రేలో పూసిన బంతి నేలలో కుదురుకోవడానికి నానా తంటాలు పడుతుంది. మీరు అలాంటిది కొనుంటే ముందు ఆ పువ్వూ మొగ్గా గిల్లేసి నాటండి, సీసా సంగతి తర్వాత.