పాఠకుల ప్రశ్నలు: పిల్లలకి వయొలిన్ నేర్పడానికి పీజీ చెయ్యాలా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది విజయనగరం, ఇప్పుడు కూకట్‌పల్లిలో ఉంటున్నా, వయసు 24. చిన్నప్పట్నించి కర్ణాటక వయొలిన్, తర్వాత వెస్ట్రన్ నేర్చుకుని ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ళ పరీక్షల్లో గ్రేడ్ 8 పాసయ్యా. బీటెక్ చేసి ఉద్యోగం చేస్తూ శని ఆదివారాలు మా అపార్ట్‌మెంట్ పిల్లలు తొమ్మిది మందికి నేర్పుతున్నా. నాకు ఇదే నచ్చుతోంది. అమెరికాలో చిన్నపిల్లలకి వయొలిన్ నేర్పడం మీదే మాస్టర్స్ ఉందని విన్నా, నిజమేనా? మా తాతయ్యేమో "ద్వారం వారికి ఏ డిగ్రీ ఉందే?" అంటున్నారు.

జవాబు: మా అమ్మాయి వయసు నీది, నువ్వు అనే అంటానమ్మా. కోర్సు ఉంది, మాస్టర్ ఆఫ్ మ్యూజిక్ అంటారు, మామూలుగా రెండేళ్ళు, అందులో పర్‌ఫార్మెన్స్‌తో పాటు స్ట్రింగ్ పెడగాజీ (తీగ వాయిద్యాలు నేర్పే పద్ధతి) అనో సుజుకి పెడగాజీ అనో ఉంటుంది. డెన్వర్ యూనివర్సిటీ, కనెక్టికట్‌లో హార్ట్ స్కూల్, ఎడ్వర్డ్స్‌విల్‌లో ఉన్న సదరన్ ఇల్లినాయి యూనివర్సిటీ ఇవన్నీ ఈ విషయంలో పేరున్నవే, కానీ ఇలాంటి కోర్సులు ఒక ప్రొఫెసర్ చుట్టూ నడుస్తుంటాయి కాబట్టి ఈ ఏడాది స్టూడెంట్స్‌ని తీసుకుంటున్నారా అని ముందు మెయిల్ పెట్టి కనుక్కో.

ఈ చదువు ఎక్కణ్ణించి వచ్చిందో కొంచెం తెలిస్తే నీకే పనికొస్తుంది. షినిచి సుజుకి జపాన్‌లో 1898లో పుట్టారు, వాళ్ళ నాన్నది వయొలిన్ ఫ్యాక్టరీ. పిల్లలు మాతృభాష ఎలా నేర్చుకుంటారో, అంటే విని విని, అమ్మ దగ్గర, అక్షరాలు రాకముందే, వయొలిన్ కూడా అలాగే వస్తుందని ఆయన నమ్మకం. 1964లో ఆయన తీసుకెళ్ళిన పిల్లల బృందం వాయించగా విని అమెరికా టీచర్లు ఆశ్చర్యపోయారు. అంతకు ముందే జపాన్ వెళ్ళి చూసొచ్చిన జాన్ కెండాల్ ఎడ్వర్డ్స్‌విల్‌లో టీచర్లకి శిక్షణ పెట్టారు. ఇంకో దారి ఇల్లినాయి యూనివర్సిటీలో పాల్ రోలాండ్‌ది, ఒళ్ళంతా బిగుసుకోకుండా కదులుతూ వాయించడం మొదటి రోజు నించే ఎలా నేర్పాలి అని ఆయన ఏకంగా సినిమాలు తీసి చూపించారు. మంచి కోర్సులో ఈ రెండూ చదువుతావు.

అసలు ఇంతకీ అక్కడ ఏం చేస్తారంటే, ఎక్కువ భాగం చూడ్డం. పెద్ద టీచర్ నాలుగేళ్ళ పిల్లకి పాఠం చెప్తుంటే నువ్వు మూల కుర్చీలో కూర్చుని రాసుకోవాలి, తర్వాత ఆవిడ ఎదురుగా నువ్వు చెప్పాలి, అది వీడియో తీసి ఇద్దరూ కలిసి చూస్తారు. నా మొదటి పాఠం నాకింకా గుర్తుంది, పాప కమాను పట్టుకుంటే బొటనవేలు నిటారుగా ఉంది, సరిచేశా, మోచెయ్యి సరిచేశా, నిలబడటం సరిచేశా, పాప ఏడవలేదుగానీ వాళ్ళమ్మ వైపు చూడ్డం మొదలెట్టింది. వీడియో చూశాక మా టీచర్ ఒక్కటే అడిగింది, పది నిమిషాల్లో ఎన్ని విషయాలు చెప్పావో లెక్కపెట్టమని. పదకొండు వచ్చాయి. మరుసటి వారం బొటనవేలు ఒక్కటే, అదీ ఆటలాగా, మిగతా తప్పులన్నీ కళ్ళముందు కనిపిస్తున్నా నోరు మూసుకోవాలి. అది నేర్చుకోడానికి నాకు ఒక సెమిస్టర్ పట్టింది.

అందుకే కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకింగ్ కంటే ముందు ఒకటి చూడు, ఆ బిల్డింగ్‌లో చిన్నపిల్లలు ఉన్నారా? వారం వారం వచ్చే పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, సోలో పాఠం, గ్రూప్ క్లాసు అన్నీ కాలేజీలోనే నడుస్తుంటే, నిన్ను మొదటి సెమిస్టర్ నించే వాళ్ళ ముందు నిలబెడితే అది కోర్సు. పుస్తకాలు చదివించి పేపర్ రాయించి పంపిస్తే వద్దు, దానికి అంత డబ్బు పెట్టక్కర్లేదు.

తాతయ్యకి నా నమస్కారాలు చెప్పి ఇది కూడా చెప్పు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1919లోనే మీ ఊరి సంగీత కళాశాలలో ఫిడేలు ప్రొఫెసర్, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఏళ్ళ తరబడి రోజూ శిష్యుల మధ్యే ఉన్న మనిషికి ఆ కాలేజే శిక్షణ. నీకు శని ఆదివారాలే ఉన్నాయి, పక్కన కూర్చుని నీ పాఠం చూసేవాళ్ళు లేరు.

నీ కర్ణాటకం వృథా కాదు. సరళీవరసలు విని పట్టుకున్న చెవి నీది, సుజుకి పద్ధతికి కావలసింది అదే. కానీ కుడికాలి చీలమండ మీద ఫిడేలు తల ఆనించి వాయించిన చేతికి, నిలబడి భుజం మీద పెట్టుకుని వాయించడం వేరే పని, నువ్వు వెస్ట్రన్ నేర్చుకున్నా, అది పిల్లలకి చూపించాలంటే ముందు నీ ఒంటికి పూర్తిగా పట్టాలి.

ఇక చేదు మాట. ఆడిషన్‌కి గ్రేడ్ 8 సరిపోదు. మామూలుగా బాక్ ఒంటరి వయొలిన్‌కి రాసిన సోలోలో రెండు భాగాలు, ఒక పెద్ద కాన్‌చెర్టోలో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) మొదటి భాగం అడుగుతారు, ముందే వీడియో పంపాలి. మ్యూజిక్ డిగ్రీ లేకపోతే ఆ స్థాయి ఉందని నిరూపించుకోవాలి, థియరీలో వెనకబడితే అదనపు క్లాసులు వేస్తారు. అసిస్టెంట్‌షిప్ గురించి, అంటే కాలేజీలో పని చేస్తే వాళ్ళిచ్చే ఆర్థిక సాయం గురించి, మొదటి మెయిల్‌లోనే అడుగు, సిగ్గుపడకు. ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద చదివాక పని చేసుకోడానికి 12 నెలలే, ఇది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కోర్సు కాదు కాబట్టి ఇంజినీర్లకి వచ్చే ఆ అదనపు 24 నెలలు రావు, ఇంట్లో లెక్కలు వేసేటప్పుడు ఇది ముందే చెప్పు. నేనైతే ఉద్యోగం ఇప్పుడే మానొద్దంటా. ఒక వేసవి సెలవు పెట్టి సుజుకి మొదటి పుస్తకం టీచర్ ట్రైనింగ్ చేసి చూడు, దానికి డిగ్రీ అక్కర్లేదు, మామూలుగా వాయించిన వీడియో అడుగుతారు. ఈలోపు నీ తొమ్మిది మందిలో ఒకరి పాఠం ఈ శనివారమే ఫోన్లో రికార్డ్ చేసి, ఎన్ని విషయాలు చెప్పావో లెక్కపెట్టు.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా పాప సిక్స్త్ గ్రేడ్, స్కూల్ ఆర్కెస్ట్రా టీచర్ వయొలిన్ బదులు వయోలా తీసుకోమంటున్నారు. వయొలిన్ రానివాళ్ళకి ఇస్తారని మావారు అంటున్నారు, నిజమా అండీ?

జవాబు: కాదండీ, ఆ మాట పాప ముందు మాత్రం అనకండి. వయోలా వయొలిన్ కంటే కొంచెం పెద్దది, దాని తీగలు సి, జి, డి, ఎ, అంటే వయొలిన్‌లో పై ఇ తీగ ఉండదు, కింద ఇంకో మంద్రం తీగ వస్తుంది. ఆ సి తీగ మోగించాలంటే కమాను బరువుగా, నిదానంగా లాగాలి, దానికి ఓపికా బలమూ కావాలి. నోట్స్ కూడా వయొలిన్‌లా కాకుండా ఆల్టో క్లెఫ్ అనే వేరే గుర్తుతో రాసి ఉంటాయి, మొదటి నెల తికమకగా ఉంటుంది. సైజు వయసుని బట్టి కాదు, చెయ్యి పొడవుని బట్టి, షాపులో పాప చేత పట్టించి చూడండి. మరీ చిన్న పిల్లలకైతే చిన్న వయొలిన్‌కే వయోలా తీగలు వేసి ఇస్తారు, అందులో సి తీగ డొల్లగా మోగుతుంది, అది పిల్ల తప్పు కాదు. ప్రైవేట్ టీచర్ దగ్గరికి వెళ్తే, మీరు వయోలా కూడా నేర్చుకున్నారా, వయొలిన్ ఒక్కటేనా అని అడగండి. పై ప్రశ్నలో చెప్పిన లాంటి కోర్సు చేసినవాళ్ళు అయితే మామూలుగా రెండూ పట్టుకుని ఉంటారు.