కార్డు లిమిట్‌ను అత్యవసర నిధిగా లెక్కించవద్దు

ప్రశ్న: మాది గుంటూరు. న్యూజెర్సీలో పదిహేడేళ్లు ఉన్నాం. నేనూ, నా భార్యా అమెరికా పౌరసత్వం తీసుకున్నాం. నిరుడు నవంబరులో స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఇంగ్లండ్‌లోని రెడింగ్‌కు వచ్చాం. పాపకు ఎనిమిదేళ్లు. నా జీతం ఏడాదికి 68,000 పౌండ్లు. పన్నులు, పింఛను కోత పోను నెలకు 4,000 చేతికి వస్తుంది. అద్దె, కౌన్సిల్ ట్యాక్స్, కరెంటు, గ్యాస్, కారు, గుంటూరులో అమ్మానాన్నలకు పంపే 200, కార్డుకు కట్టే కనీస మొత్తం అన్నీ కలిపి 3,400 ఖర్చవుతుంది. ఇక్కడి ఖాతాలో 1,900 పౌండ్లు ఉన్నాయి. అమెరికాలో ఒక కార్డు మీద 6,400 డాలర్ల బాకీ (24 శాతం వడ్డీ), పాత ఉద్యోగం తాలూకు 401కె (పదవీ విరమణ పొదుపు) ఖాతాలో 64,000 డాలర్లు ఉన్నాయి. కార్డులన్నింటి మీదా ఇంకా 31,000 డాలర్ల లిమిట్ మిగిలి ఉంది కనుక వేరే అత్యవసర నిధి అక్కరలేదనుకుంటున్నాను. ఒక కార్డు సంస్థ 15 నెలలు వడ్డీ లేకుండా 15,000 డాలర్లు ఇస్తామని చెక్కు పంపింది. రుసుము 5 శాతం. అందులో కొంత థాంక్స్‌గివింగ్‌కు న్యూజెర్సీ వెళ్లి రావడానికి, కొంత చలికాలం ఖర్చులకు వాడి, మిగిలింది స్టాక్స్ అండ్ షేర్స్ ఐసా (ఇక్కడ పన్ను లేని పెట్టుబడి ఖాతా)లో పెడదామనుకుంటున్నాను. మీ సలహా ఏమిటి?

జవాబు: ఆ చెక్కును వాడవద్దు. మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం ఆ చెక్కు కాదు, దానికి ముందు మీరు రాసిన వాక్యం. లిమిట్ ఉంది కనుక నిధి అక్కరలేదన్న ధీమా అమెరికాలో చాలాకాలం ఉండి వేరే దేశానికి మారిన మనవాళ్లలో తరచుగా కనిపిస్తుంది. అమెరికాలో ఉన్నన్నాళ్లూ ఆ ధీమా పెద్దగా దెబ్బతినకపోవచ్చు, ఎందుకంటే అక్కడ మీ సంపాదన, ఖర్చు, అప్పు మూడూ డాలర్లలోనే ఉండేవి, మీరు పౌరులు కనుక ఉద్యోగం పోయినా ఇల్లూ ఊరూ విడిచిపెట్టవలసిన అవసరం వచ్చేది కాదు. రెడింగ్‌లో ఈ రెండు ఆధారాలూ మీకు లేవు.

ముందుగా ఉద్యోగం సంగతి చూడండి. మీ సంస్థ మిమ్మల్ని తొలగించి, ఆ విషయాన్ని వీసాలు చూసే హోమ్ ఆఫీస్‌కు తెలియజేస్తే, సాధారణంగా మీ వీసా గడువును 60 రోజులకు కుదిస్తారు. ఆ లోపల వీసాకు బాధ్యత వహించే కొత్త సంస్థను (స్పాన్సర్‌ను) వెతుక్కుని దరఖాస్తు చేయాలి, లేదా దేశం విడిచి వెళ్లాలి. మీ భార్య, పాప ఉంటున్నది మీ వీసా ఆధారంగానే కనుక ఆ గడువు ముగ్గురికీ వర్తిస్తుంది. ఒకే సంస్థలో రెండేళ్లు నిండనివారికి ఇక్కడి చట్టం ప్రకారం రిడండెన్సీ (ఉద్యోగం రద్దయినప్పుడు ఇచ్చే) పరిహారం రాదు. మీకింకా ఏడాదే కాలేదు. ఒప్పందంలో ఎక్కువ రాసి ఉంటే తప్ప, చట్టప్రకారం మీకు ఇవ్వవలసిన నోటీసు ఒక్క వారమే. మీ వీసా మీద యూనివర్సల్ క్రెడిట్ లాంటి ప్రభుత్వ సహాయం అందదు. జబ్బు చేసి నెలల తరబడి పనికి వెళ్లలేకపోతే, సంస్థ తనంతట తాను ఎక్కువ ఇవ్వని పక్షంలో, 2025-26లో చట్టం హామీ ఇచ్చిన మొత్తం వారానికి 118.75 పౌండ్లు, అదీ 28 వారాల వరకే. మీ అద్దెకు కూడా అది చాలదు.

అలాంటి రోజు వచ్చినప్పుడు ఆ 31,000 డాలర్ల లిమిట్ ఏ మేరకు ఉపయోగపడుతుందో ఆలోచించండి. లిమిట్ మీ సొమ్ము కాదు. కార్డు సంస్థ దాన్ని ఎప్పుడైనా తగ్గించవచ్చు, మార్కెట్ బాగాలేక ఉద్యోగాలు పోతున్న రోజుల్లోనే సంస్థలు ఆ పని చేస్తాయి. ఇంటి అద్దె యజమాని బ్యాంకు ఖాతాకు వెళ్లాలి కనుక కార్డు మీద నగదు తీయవలసి వస్తుంది, నగదు తీస్తే గడువు అంటూ లేకుండా ఆ రోజు నుంచే వడ్డీ లెక్క మొదలవుతుంది, దానిపై రుసుము వేరు. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వినట్టుంటుంది ఆ ఏర్పాటు.

ఇక ఆ 15,000 డాలర్ల లెక్క. రుసుముతో కలిపి 15,750 డాలర్లు అవుతుంది. వడ్డీ పడకుండా 15 నెలల్లో తీర్చాలంటే నెలకు 1,050 డాలర్లు కట్టాలి. పౌండుకు 1.30 డాలర్ల చొప్పున చూసినా అది దాదాపు 808 పౌండ్లు. మీకు నెలకు మిగిలేది 600. అంటే ఈ అప్పును గడువులోగా తీర్చే మార్గం మీ దగ్గర మొదటి రోజు నుంచే లేదు, మిగిలిపోయిన మొత్తం మీద తరువాత పడే వడ్డీ మీ పాత కార్డు వడ్డీకి తక్కువేమీ ఉండదు. పైగా మీరు పౌండ్లలో సంపాదించి డాలర్లలో తీర్చవలసి ఉంటుంది. 2022 సెప్టెంబరులో లండన్‌లో ప్రకటించిన మినీ బడ్జెట్ తరువాత పౌండు 1.04 డాలర్ల కన్నా కిందికి పడింది. పౌండు 1.05 దగ్గర ఉన్నా అదే 1,050 డాలర్ల కోసం మీరు నెలకు 1,000 పౌండ్లు పంపాలి. వడ్డీ సున్నా అని రాసిన కాగితం మీద ఈ నష్టభయం ఎక్కడా కనిపించదు. అప్పు తెచ్చి షేర్లలో పెట్టడం ఏ దేశంలోనైనా తప్పే. ఒక దేశపు కరెన్సీలో తెచ్చి మరో దేశపు మార్కెట్‌లో పెట్టడాన్ని నేను ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోను.

ఐసా గురించి ఒక్క మాట. బ్రిటన్ ఇచ్చే పన్ను మినహాయింపును అమెరికా గుర్తించదు. అందులో కొనే ఇక్కడి ఫండ్లను అమెరికా పన్ను శాఖ పీఫిక్‌లుగా (విదేశీ పెట్టుబడి సంస్థలుగా) చూసి భారీ పన్ను, ఫండుకొక ఫారం అడుగుతుంది. మీరిద్దరూ అమెరికా పౌరులు కనుక ఎవరి పేరున తెరిచినా ఇదే పరిస్థితి. 401కె జోలికి వెళ్లకండి. 59½ ఏళ్లు నిండకముందు తీస్తే సాధారణంగా ఆదాయపు పన్నుతో పాటు 10 శాతం అదనంగా పోతుంది.

మీరు చలికాలం ఖర్చులు అని ఒక్క మాటలో కలిపేసినవాటిని విడదీసి చూడాలి, ఎందుకంటే వాటిలో అత్యవసరం అనదగినది దాదాపు లేదు. 2025 అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ పెట్టిన ధరల పరిమితి ప్రకారం సగటు వాడకం ఉన్న ఇంటికి కరెంటు, గ్యాస్ బిల్లు ఏడాదికి 1,755 పౌండ్లుగా ఉండేది. వాడినంతకే బిల్లు కట్టే పద్ధతిలో ఉంటే వేసవి బిల్లు చూసి మోసపోతారు, కనుక ఏడాది మొత్తానికీ ఒకే మొత్తం వెళ్లే డైరెక్ట్ డెబిట్‌కు మారండి. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి వెళ్లాక అయిదు గంటలలోపే చీకటి పడుతుంది, ఇంటి వేడికి, దీపాలకు వాడకం పెరుగుతుంది. ఇది ప్రతి ఏడాదీ తెలిసి వచ్చే ఖర్చు. పాప కోటు, వాన బూట్లు, అక్టోబరు హాఫ్ టర్మ్ బడి సెలవుల్లో మీరు పనిలో ఉన్నప్పుడు ఆమెను చేర్చే హాలిడే క్లబ్బు కూడా అలాంటివే.

మీరు ప్రస్తావించని ఖర్చు ఇంకొకటి ఉంది. అమెరికా లైసెన్సుతో ఇక్కడ స్థిరపడినవారు కారు నడపగలిగేది మొదటి 12 నెలలే, ఆ లైసెన్సును బ్రిటిష్ లైసెన్సుగా మార్చి ఇవ్వరు. నవంబరుతో మీ గడువు తీరుతుంది. ప్రొవిజనల్ (నేర్చుకునేవారి) లైసెన్సు తీసుకుని, 23 పౌండ్ల థియరీ పరీక్ష, 62 పౌండ్ల డ్రైవింగ్ పరీక్ష పాస్ కావాలి. పరీక్షకు తేదీ దొరకడానికే నెలలు పట్టవచ్చు. గడువు దాటాక పాత లైసెన్సుతో నడిపి ప్రమాదం జరిగితే బీమా మీకు అండగా ఉండదు, ఆ నష్టం ఏ నిధికీ అందదు. ఈ వారమే దరఖాస్తు పెట్టండి.

థాంక్స్‌గివింగ్ ప్రయాణాన్ని ఈ ఏడాదికి మానుకోండి. ఏళ్లపాటు ఆ పండుగను అక్కడి స్నేహితులతో జరుపుకున్నవారికి నవంబరు నాలుగో గురువారం మామూలు పనిరోజుగా గడిచిపోవడం కష్టంగానే ఉంటుందని నాకు తెలుసు. అయినా అది ఇంగ్లండ్‌లో సెలవు కాదు. అనుమతి లేకుండా పాపను అయిదు రోజులు బడి మాన్పిస్తే తల్లికీ తండ్రికీ చెరో 80 పౌండ్ల జరిమానా పడవచ్చు, 21 రోజుల్లో కట్టకపోతే అది 160 అవుతుంది. వెళ్లాలనుకుంటే ఈస్టర్ సెలవుల్లో, మిగిల్చిన డబ్బుతో వెళ్లండి.

ఇప్పుడు చేయవలసిన పని. మీ కుటుంబానికి తప్పనిసరి ఖర్చు నెలకు 3,000 పౌండ్లు అనుకుంటే, ఆరు నెలలకు 18,000 పౌండ్లు నిధిగా ఉండాలి. మూడు నెలలు చాలదా అని మీలాంటివారు తరచుగా అడుగుతారు. ఇంగ్లండ్‌లోనే పుట్టి పెరిగిన కుటుంబానికి చాలవచ్చు. మీకు 60 రోజులు ఉద్యోగం వెతికే కాలంలో అద్దె నడవాలి. దొరకకపోతే మూడు విమాన టికెట్లు, ఇల్లు ఖాళీ చేసేదాకా కట్టవలసిన అద్దె, అమెరికాలో కొత్త ఇంటికి డిపాజిట్, ఒక కారు, తిరిగి చేరిన రోజు నుంచే అవసరమయ్యే ఆరోగ్య బీమా ప్రీమియం, ఇవన్నీ ఆ నిధి నుంచే రావాలి. మధ్యలో గుంటూరు నుంచి ఫోను వచ్చి రాత్రికి రాత్రి హైదరాబాదు విమానం ఎక్కవలసి వచ్చినా దానికీ ఈ డబ్బే ఆధారం. ఆ నిధి పౌండ్లలోనే ఉండాలి, అడిగిన రోజే చేతికి రావాలి, మీ ఇద్దరి పేర్ల మీదా ఉండాలి. షేర్లలోనూ, డాలర్లలోనూ, స్థిర డిపాజిట్లలోనూ ఉండకూడదు.

అంత పెద్ద మొత్తం ఒకేసారి రాదు కనుక వరుస ఇలా పెట్టుకోండి. అక్టోబరు, నవంబరు నెలల మిగులు కలిపితే మీ దగ్గర 3,100 పౌండ్లు అవుతాయి, అంటే ఒక నెల ఖర్చు చేతిలో ఉంటుంది. డిసెంబరు నుంచి మిగులు మొత్తాన్ని ఆ 24 శాతం కార్డుకు మళ్లించండి, అది ఇప్పుడు నెలకు 128 డాలర్లు వడ్డీగానే తింటోంది. కనీస మొత్తంతో కలిపి ఇలా కడితే వచ్చే వేసవిలో ఆ బాకీ తీరిపోతుంది. ఆ 15,000 డాలర్ల చెక్కును వాడకుండా, సున్నా వడ్డీ సదుపాయాన్ని ఈ 6,400 డాలర్ల పాత బాకీని మార్చుకోవడానికి మాత్రమే వాడితే నాకు అభ్యంతరం లేదు. బాకీ తీరిన నెల నుంచి కార్డుకు వెళ్లిన సొమ్మంతా నిధికి వెళ్లాలి, 18,000 నిండేదాకా వేరే ఏ పెట్టుబడీ వద్దు. వేగం పెంచే మార్గం ఒకటి మీ ఇంట్లోనే ఉంది: మీ భార్యకు ఉన్న డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేయవచ్చు.

బీమా విషయంలో, సంస్థ ఇచ్చే డెత్ ఇన్ సర్వీస్ (ఉద్యోగంలో ఉండగా చనిపోతే కుటుంబానికి ఇచ్చే సొమ్ము) ఉద్యోగంతోనే పోతుంది కనుక సొంతంగా టర్మ్ పాలసీ తీసుకోండి. న్యూజెర్సీలో తీసుకున్నది ఏదైనా ఉంటే దేశం మారిన సంగతి ఆ కంపెనీకి రాసి తెలపండి. ఇక, ఒక ఏడాదిలో ఏ ఒక్క రోజైనా ఇక్కడి ఖాతాలన్నింటిలో కలిపి 10,000 డాలర్లు దాటి ఉంటే, వచ్చిన కొత్తలో ఇంటి డిపాజిట్ కోసం తెచ్చిన సొమ్ముతో సహా, విదేశీ ఖాతాల వివరాలు అమెరికాకు తెలిపే ఎఫ్‌బార్ ఫారం దాఖలుకు ఆఖరు తేదీ మరుసటి ఏడాది అక్టోబరు 15. పన్ను కట్టవలసినది ఏమీ లేకపోయినా ఈ ఫారం వేయాలి, వేయకపోతే పదివేల డాలర్లు దాటే జరిమానా పడే అవకాశం ఉంది.

ఈ నెల జీతం పడిన మరుసటి రోజునే 600 పౌండ్లు కొత్త ఉమ్మడి పొదుపు ఖాతాకు వెళ్లేలా స్టాండింగ్ ఆర్డర్ పెట్టండి, ఆ 15,000 డాలర్ల చెక్కును చింపి పారేయండి.