సాయంత్రం నడకని ముందు ఖాయం చేసుకో

అమ్మడూ,

కొండల మీద గడిపే సెలవుల్లో ఒక రోజంతా పనులకే పోయేలా ఉందనీ, అదే రోజు సాయంత్రం కొండెక్కాలని ఉందనీ రాశావు. టైరు చూపించడం, బావకి మందులు, గది మారడం, డబ్బు తీయడం. రెండూ కుదురుతాయి. కాకపోతే లెక్క సాయంత్రం వైపు నుంచి వెయ్యాలి. చాలామంది పొద్దున్నే పనులతో మొదలుపెట్టి, మిగిలిన టైమ్‌లో నడుద్దాం అనుకుంటారు. ఆ టైమ్ ఎప్పుడూ మిగలదు.

ముందు సూర్యాస్తమయం ఎప్పుడో చూసుకో. 6:30 అనుకుందాం. నువ్వు చెప్పిన దారి పైకి 3 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు 300 మీటర్లు. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఒకటుంది, ఇప్పటికీ అందరూ వాడతారు. ఈనాటి కొలతల్లో సుమారుగా 5 కిలోమీటర్లకి గంట, పైగా ఎక్కే ప్రతి 600 మీటర్లకి మరో గంట. ఆ ప్రకారం నీ దారికి 66 నిమిషాలు. అది ఆగకుండా నడిచే గట్టివాళ్ళ మాట. పిల్లలు, ఫొటోలు, ఆయాసం కలుపుకుని ఒకటిన్నర రెట్లు వేసుకో, 100 నిమిషాలవుతుంది. దిగడానికి గంట ఉంచుకో. అంటే 5:30కి ఎంతవరకు వెళ్తే అంతవరకే, అక్కడి నుంచి వెనక్కి తిరగాలి. 3:50కల్లా నడక మొదలవ్వాలి. ఈ రెండు టైములూ పొద్దున్నే అందరికీ చెప్పెయ్, పనుల లిస్టు ఆ తర్వాత తియ్.

పనుల్లో ఆ రోజే కాక తప్పనివి ఏవో విడదియ్యి. బావ మందులు తప్పవు. టైరు తప్పదు, మలుపుల రోడ్డు మీద దానితో ఆటలొద్దు. టార్చి బ్యాటరీలు తప్పవు. మిగతావన్నీ మర్నాటికి నెట్టొచ్చు. కొండ ఊళ్ళలో మధ్యాహ్నం దుకాణాలు మూసేయడం, సిగ్నల్ లేక కార్డు మిషన్ పనిచేయకపోవడం మామూలే. అందుకని కొంత నగదు ముందే దగ్గర పెట్టుకుని, షాపులు తెరిచే వేళకే వెళ్ళండి. అందరూ కలిసి ఒక్కో పనికీ తిరగొద్దు. టైరు దగ్గర ఒకరుంటే మందుల షాపుకి ఇంకొకరు. పిల్లల్ని గదిలోనే ఉంచండి, క్యూలో నిలబెట్టి అలిసిపోయాక కొండెక్కమంటే వాళ్ళేం ఎక్కుతారు!

నాకు అసలు టెన్షన్ ఒక్కటే. పని ఆలస్యమైతే మనకి చిరాకు పుడుతుంది, చిరాకులో ఉన్నవాళ్ళు దారిలో పరుగు పెడతారు. పొద్దుటి నష్టమంతా సాయంత్రం రాబట్టాలని పైదాకా వెళ్ళి తీరతాం అంటారు. దయచేసి అలా చేయకు. గంట ఆలస్యమైతే నడక ఒక గంట తగ్గించు, 5:30ని మాత్రం కదిలించకు. సగం దారిలో ఒక బండ మీద కూర్చుని లోయ చూసి వచ్చినా అది మంచి సాయంత్రమే. బయల్దేరే ముందు ఏదైనా తిని, నీళ్ళు తాగి, పది నిమిషాలు ఊరికే కూర్చోండి. ఆ పది నిమిషాలూ దండగ అనుకోకు, ఆకలీ కోపమూ కలిస్తే అడుగు సరిగ్గా పడదు.

మధ్యాహ్నానికి మబ్బులు ఎత్తుగా పేరుకుంటూ ఉంటే గమనించు. ఎండకి వేడెక్కిన గాలి వాలుల మీదుగా పైకి లేచి ఉరుముల వానలు తెస్తుంది. ఒక్క ఉరుము వినిపించినా ఆ రోజుకి నడక వద్దు. దీంట్లో మొహమాటానికి చోటు లేదు.

ఇంకో సంగతి. లోయలో ఎండ సూర్యాస్తమయం కంటే చాలా ముందే పోతుంది, పడమటి వైపు కొండ అడ్డొస్తుంది కదా. చెట్ల కింద చీకటి ఇంకా త్వరగా పడుతుంది. అందుకే వెలుతురు ఉండగానే వచ్చేసేలా లెక్క వేసినా, ఒక్కొక్కరికీ తలకి కట్టుకునే టార్చి ఉండాల్సిందే. ఫోన్ లైటుని నమ్ముకోవద్దు. దానితో ఒక చెయ్యి ఆగిపోతుంది, చలికి బ్యాటరీ కూడా త్వరగా దిగిపోతుంది. మ్యాప్ గదిలో ఉండగానే డౌన్‌లోడ్ చేసుకో. పైకి వెళ్ళేకొద్దీ వెయ్యి మీటర్లకి సుమారు 6.5 డిగ్రీలు చల్లబడుతుంది, ఎండ పోగానే ఇంకా తెలుస్తుంది. చెమటతో తడిసిన బట్టల మీద గాలి తగిలితే వణుకే. స్వెట్టర్ సంచిలో అడుగున పెట్టకు, పైనే పెట్టు, ఆగగానే వేసుకో.

దిగేటప్పుడు చిన్న అడుగులు వెయ్యండి. మోకాళ్ళ మీద భారం అప్పుడే పడుతుంది, జారేదీ ఎక్కువ అప్పుడే. బావని ముందు నడవనివ్వు, ఆయన వేగమే అందరి వేగం.

ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో గది ఇచ్చినవాళ్ళకి చెప్పి వెళ్ళు, రాగానే వచ్చామనీ చెప్పు. ఒక విజిల్ దగ్గర ఉంచుకో. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్ళీ ఊదితే సాయం కావాలని అర్థం. జవాబుగా నిమిషానికి మూడుసార్లు వినిపిస్తుంది. పిల్లలకి కూడా ఇది నేర్పు.

నీ పనుల లిస్టు ఈ రాత్రికే పంపు, ఏవి మర్నాటికి నెట్టొచ్చో చూసి చెప్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య