ఆటల ప్రశ్నలు: ఎరి యోషిదా నకుల్ బాల్

ప్రశ్న: జపాన్ అమ్మాయి ఒకరు మగవాళ్ల బేస్‌బాల్ జట్టులో ప్రొఫెషనల్ పిచ్చర్‌గా (బంతి వేసే ఆటగాడిగా) ఆడిందట. వేగం లేకుండా ఎలా నెగ్గుకొచ్చింది?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఆమె ఎరి యోషిదా, యోకొహామా అమ్మాయి. ఎత్తు 155 సెంటీమీటర్లు. 2008 నవంబరులో, పదహారేళ్లప్పుడు, కోబె 9 క్రూజ్ జట్టు ఆమెను డ్రాఫ్టులో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే పద్ధతిలో) తీసుకుంది. 2009 మార్చిలో తొలి మ్యాచ్ ఆడింది. ఆమె బంతి గంటకు 80 కిలోమీటర్ల చుట్టుపక్కలే ఉండేది. అంటే బ్యాటర్‌ను చేరడానికి ముప్పావు సెకను. మామూలు బంతి అంత నింపాదిగా వస్తే చితక్కొట్టేస్తారు. ఆమె వేసే నకుల్ బాల్ (వేలి గోళ్లతో పట్టి వేసే బంతి) మాత్రం దాదాపు తిరగకుండా వస్తుంది. కుట్టు ఒకవైపు గాలిని చెదరగొట్టి, ఇంకోవైపు వదిలేస్తుంది కాబట్టి దారిలో ఎటు జారుతుందో వేసినవాళ్లకే తెలియదు. బాస్టన్ పిచ్చర్ టిమ్ వేక్‌ఫీల్డ్ వీడియోలు చూసి దీన్ని పట్టుకుంది. ఆయన పైనుంచి వేస్తే ఈమె చేతిని పక్కనుంచి తిప్పి వేసేది. 2010లో ఫ్లోరిడా వెళ్లి ఆయన దగ్గరే మెళకువలు నేర్చుకుంది. అదే ఏడాది మేలో కాలిఫోర్నియాలోని చికో ఔట్‌లాస్ తరఫున తొలి మ్యాచ్‌లో మూడు ఇన్నింగ్స్‌లు వేసి నాలుగు పరుగులిచ్చింది. గొప్ప లెక్కేమీ కాదు. కానీ బ్యాటు పట్టిన మొదటిసారే సింగిల్ (మొదటి బేస్‌కు చేర్చే దెబ్బ) కొట్టి జట్టుకు ఒక పరుగు రాబట్టింది!

ప్రశ్న: మా అమ్మాయి సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. బేస్‌బాల్‌తో నకుల్ బాల్ ప్రయత్నిస్తే బంతి గిర్రున తిరిగిపోతోంది. తప్పెక్కడ?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: మూడొంతులు తప్పు మణికట్టులోనే ఉంటుంది. చివర్లో మణికట్టు విదిలించే అలవాటు మానాలి. దాన్ని బిగించి, బంతిని ముందుకు తోసినట్టు వదలాలి. చూపుడు, మధ్య వేళ్ల గోళ్ల అంచులు గుర్రపు నాడా ఆకారపు కుట్టుకు కాస్త కింద తోలుపై గుచ్చాలి. బొటనవేలు అడుగున, ఉంగరపు వేలు పక్కన. అన్నీ ఒకేసారి వదలాలి. ఒక వేలు ఆలస్యమైనా బంతి తిరుగుతుంది. గోరు పొట్టిగా ఉంటే వేలి కండ తగులుతుంది, పొడుగైతే విరుగుతుంది. అందుకే కత్తిరించకుండా ఆకురాయితో అరగదీయమనండి. బంతి చుట్టూ మార్కర్‌తో గీత గీసి ఎనిమిది, పది మీటర్ల నుంచి మెల్లగా వేయించండి. గీత చెదరకుండా కనిపిస్తే సరిగ్గా పడుతున్నట్టే. దారి పొడుగునా ఒక చుట్టు వరకు తిరిగినా పర్వాలేదు. అది దాటితే బ్యాటర్‌కు పండగే. పట్టేవాళ్లకు మాస్కు, పెద్ద మిట్టు (బంతి పట్టే గ్లవ్) తప్పనిసరి. పట్టుకోవడం కష్టం, నెమ్మది బంతి కూడాను, కాబట్టి బేస్ మీదున్న రన్నర్లు తర్వాతి బేస్‌ను దొంగిలించడానికి, అంటే బంతి వేస్తుండగానే అక్కడికి పరుగెత్తడానికి, ఎగబడతారు.

క్రికెట్‌లో జహీర్ ఖాన్ వేసిన నకుల్ బాల్ లెక్క వేరు. అక్కడ బంతి పిచ్ మీద పడి లేస్తుంది కనుక ఊగిసలాట కన్నా వేగం తగ్గడమే మోసం.

ప్రశ్న: ఈ నకుల్ బాల్ బతుకుదెరువు అవుతుందా?
– ఒక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: ఆ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. యోషిదా ఆడిన కోబె, చికో, మౌయీ, ఇషికావా జట్లన్నీ చిన్న ఇండిపెండెంట్ లీగులవే (పెద్ద లీగులతో సంబంధం లేనివి). వాటికి డబ్బు చాలక చేతులెత్తేయడం మామూలే. జపాన్ మహిళల ప్రొఫెషనల్ లీగు కూడా 2010లో మొదలై 2021లో ఆగిపోయింది. అమెరికాలో నాలుగు జట్లతో కొత్త మహిళల లీగు 2025 నవంబరులో డ్రాఫ్టు జరిపింది. మొదటి ఎంపిక కెల్సీ విట్‌మోర్. ఆమె కూడా అంతకుముందు మగవాళ్ల జట్టులో ఆడినవారే.