ఈఎస్‌పీ8266 నుంచి జీమెయిల్ పంపబోతే 535 ఎర్రర్, మధ్యలో రీసెట్

ట్యాంకు నీళ్ల మట్టం గురించి ఈఎస్‌పీ8266 (వైఫై ఉన్న చిన్న బోర్డు) నుంచి జీమెయిల్ పంపబోతే 535 ఎర్రర్ వస్తోందని, మధ్యలో బోర్డు రీసెట్ అవుతోందని అడిగారు. 535 వచ్చిందంటే మీ బోర్డు మెయిల్ సర్వర్ దాకా చేరింది, లాగిన్ దగ్గర ఆగిపోయింది. పాస్‌వర్డ్ కరెక్టేనని రాశారు, నిజమే కావచ్చు. కానీ మామూలు పాస్‌వర్డ్‌తో ఇలా లాగిన్ అయ్యే వీలు గూగుల్ 2022 మే 30 నుంచి తీసేసింది. పాత వీడియోల్లో చూపించే 'లెస్ సెక్యూర్ యాప్స్' సెట్టింగ్ కోసం వెతక్కండి. టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, గూగుల్ ఇచ్చే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ (ఇలాంటి లాగిన్‌ల కోసం విడిగా ఇచ్చేది) తీసుకుని కోడ్‌లో అది పెట్టండి. అదీ మీ సొంత అకౌంట్‌ది వద్దు, పరికరం కోసం వేరే అకౌంట్ తెరవండి. బోర్డు ఎవరి చేతికైనా చిక్కితే ఫ్లాష్‌లో (కోడ్ నిల్వ ఉండే మెమరీలో) ఉన్నదంతా యూఎస్‌బీ కేబుల్‌తో చదివేయొచ్చు.

రీసెట్ సంగతి ఎక్కువగా మెమరీదే. మెయిల్ సర్వర్‌తో మాటలు టీఎల్‌ఎస్ అనే ఎన్‌క్రిప్షన్‌లో సాగుతాయి. అందులో రికార్డు (ఒక్కో డేటా ముక్క) 16 కేబీ దాకా ఉండొచ్చు, దాన్ని పట్టే బఫర్ అంత కావాలి. ఈఎస్‌పీ8266లో వైఫై పోను మిగిలేదే కొంచెం. మెయిల్ పంపేముందు ఫ్రీ హీప్ (ఖాళీగా ఉన్న మెమరీ) ప్రింట్ చేసి చూడండి. కొత్తగా కొనేట్టయితే మెమరీ ఎక్కువున్న ఈఎస్‌పీ32 బోర్డు తీసుకోండి, ఈ బాధ చాలావరకు పోతుంది. మెయిల్ సర్వర్‌కి కనెక్ట్ అవడానికి పోర్టు 465 వాడండి, అందులో మొదటి నుంచే టీఎల్‌ఎస్ ఉంటుంది. 587లో ముందు మామూలుగా కలిసి, తర్వాత టీఎల్‌ఎస్‌కి మారాలి. అన్ని లైబ్రరీలూ ఆ పని సరిగా చేయవు. సర్వర్ అసలుదేనని చూపే సర్టిఫికెట్ చెక్ చేయాలంటే ముందు ఎన్‌టీపీతో (ఇంటర్నెట్ నుంచి టైమ్ తెచ్చే పద్ధతి) టైమ్ తెచ్చుకోవాలి. కరెంటు ఇవ్వగానే చిప్ గడియారం 1970లో ఉంటుంది కాబట్టి సర్టిఫికెట్ ఇంకా అమల్లోకే రాలేదని తిరస్కరిస్తుంది.

భీమవరం దగ్గర మా బాబాయి రొయ్యల చెరువుకి ఇలాంటిదే పెట్టాను, ఏరియేటర్లకు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలకు) కరెంటు పోతే మెయిల్ రావాలని. అక్కడ అసలు చిక్కు కోడ్‌లో లేదు. కరెంటు పోతే రౌటర్ కూడా ఆగిపోతుంది, ఇక మెయిల్ ఎలా బయటికి వెళ్తుంది? బోర్డుకు బ్యాటరీ పెట్టినంత మాత్రాన చాలదు, రౌటర్‌కీ చిన్న యూపీఎస్ ఉండాలి. పైగా అర్ధరాత్రి మెయిల్ చూసి ఎవరూ లేవరు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గి ఉంటుంది, ఆ వేళ ఏరియేటర్లు ఆగితే రొయ్యలు దక్కవు. అందుకే కాపలా షెడ్‌లో బ్యాటరీ సైరన్ పెట్టాం. మెయిల్ మాత్రం కరెంటు ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది అనే రికార్డు కోసమే.

మీది ట్యాంకు నీళ్ల మట్టం అన్నారు కాబట్టి మెయిల్ ఒక్కటీ సరిపోతుంది. లూప్‌లో ప్రతిసారీ పంపకుండా, స్థితి మారినప్పుడే ఒకసారి పంపండి. మామూలు జీమెయిల్‌కు రోజుకు 500 మెయిళ్లే పరిమితి. మట్టం గీత దగ్గర నీళ్లు ఊగితే అవి ఇట్టే అయిపోతాయి, కాబట్టి స్థితి ఆన్ అయ్యే మట్టానికీ ఆఫ్ అయ్యే మట్టానికీ మధ్య కొన్ని సెంటీమీటర్ల తేడా పెట్టండి.