ఒక్క సంచిక చూసి కామిక్ మానేయాలా?

"2000 ఏడీ కొత్త సంచిక చూసి పాఠకులంతా పెదవి విరుస్తున్నారు. నేను సైన్స్ ఫిక్షన్ కామిక్స్ ఇప్పుడిప్పుడే మొదలుపెడుతున్నాను, కొనాలా వద్దా?" అని అడిగారు. కొనండి. పెదవి విరిచేవాళ్ళలో సగంమంది ఆ కథ మొదటి భాగం చదివే ఉండరు. నా దగ్గర లెక్కలేమీ లేవు గానీ పందేనికి రమ్మంటే వస్తాను.

ఇది బ్రిటన్‌లో 1977 ఫిబ్రవరి 26న మొదలైన వారపత్రిక, ఇప్పటికీ నడుస్తోంది. మామూలు వారం 32 పేజీలు, అందులో ఐదు కథలు. ఒక్కో కథకి ఐదారు పేజీలు. ఎక్కడో మధ్యలో అందుకుంటుంది, ఇంకెక్కడో మధ్యలో ఆపేస్తుంది. అలాంటిదానికి అదే రాత్రి కూర్చుని ఐదుకి రెండు స్టార్లు ఇవ్వడమంటే, విస్తట్లో మొదట వేసిన ఉప్పు నాకి భోజనం బాగోలేదనడమే.

ఈ మాట నాకన్నా మా అత్తగారు బాగా చెబుతారు. 2011 చలికాలంలో పాప పుట్టినప్పుడు ఆవిడ తెనాలి నుంచి కోవెంట్రీకి వచ్చి మా దగ్గరే ఉన్నారు. బయట నాలుగింటికే చీకటి. టీవీలో వాళ్ళ ఇంగ్లీషు ఆవిడకి అర్థం కాదు, పాప నిద్రపోతే ఇంట్లో చప్పుడు చెయ్యకూడదు. చందా కట్టినవాళ్ళకి ఈ పత్రిక షాపులకన్నా ముందే, శనివారానికే పోస్టులో వచ్చేసేది. ఒక శనివారం నేను కవరు చింపి సోఫా మీద పడేసి స్నానానికి వెళ్ళొచ్చేసరికి, ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని జడ్జ్ డ్రెడ్ కథ తిప్పుతున్నారు. భవిష్యత్తు నగరంలో పోలీసూ జడ్జీ తనే అయిన మనిషి అతను, ఈ పత్రికకి ముఖ్యమైన హీరో. కూడబలుక్కుని చదివేంత ఇంగ్లీషు వచ్చు ఆవిడకి.

"ఇతనికి గడ్డం తప్ప ముఖం లేదా బాబూ?" అన్నారు.

లేదండీ, హెల్మెట్ తియ్యడు, 1977 నుంచీ ముఖం చూపించలేదు అన్నాను. "అయితే మంచి రచయితే" అని మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళిపోయారు.

అప్పుడు నడుస్తున్న కథ డే ఆఫ్ కేయాస్. 2011లో మొదలై 2012లో గానీ తెమల్లేదు. శత్రునగరం నుంచి బతికి బయటపడ్డవాళ్ళు డ్రెడ్ ఉండే మెగాసిటీ వన్ మీద ఒక వైరస్‌ని వదలడానికి కుట్ర పన్నుతుంటారు. నగరం నాశనమైపోతున్నట్టు జడ్జి కావడానికి శిక్షణలో ఉన్న ఒక చిన్న పిల్లకి ముందే దర్శనాలు వస్తుంటాయి. ఇంకోపక్క మేయర్ ఎన్నికలు. వారానికి ఆరు పేజీల చొప్పున ముడి బిగుస్తూ పోతుంది. మా ఆఫీసులో ఇదే పత్రిక చదివే ఒకాయన ప్రతి సోమవారం "ఏమీ జరగట్లేదు, లాగుతున్నారు" అనేవాడు. ఆ సంగతి అత్తగారి చెవిన వేస్తే ఆవిడ నవ్వి, "లాగడం అంటే ఏమిటో ఆయన చూళ్ళేదు. నేను చదివిన సీరియల్లో హీరోయిన్ మేడ మీంచి కిందకి దిగడానికి మూడు వారాలు పట్టింది" అన్నారు.

ఇక అసలు సంగతి. ఇంకో శనివారం నేను బయట నుంచి వచ్చేసరికి డైనింగ్ టేబుల్ మీద నా పాత సంచికలన్నీ పరిచి ఉన్నాయి. పక్కన వంటింటి కత్తెర. మా ఆవిడ రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడి ఉంది. ఏమిటా అంటే, డ్రెడ్ పేజీలన్నీ కోసి, వరసగా పెట్టి, సూదీ దారంతో కుట్టి బైండింగ్ చేసి ఇస్తానంటున్నారు అత్తగారు. మన ఇళ్ళలో ఒకప్పుడు అందరూ చేసిన పనే. ఆవిడ పెట్టెలో అలాంటివి ఎన్నో ఉన్నాయి. మైదా ఉడికించిన జిగురుతో అంటించిన అట్టలు, లోపల సీరియల్, ప్రతి పేజీ వెనకాల సగం తలనూనె ప్రకటనో, ఎవరిదో వారఫలమో.

కత్తెర ఆగింది మా ఆవిడ అడ్డం పడ్డందుకు కాదు. అత్తగారే ఆపారు. చివరి పేజీ తిప్పి చూసి, "దీని వెనకాల ఇంకో కథ మొదలైంది. ఇది కోస్తే అది పోతుంది. వీళ్ళకి బైండింగ్ చేసుకునే అలవాటు లేదా?" అని అడిగారు. కథ అయిపోయాక కంపెనీయే మొత్తం కలిపి పుస్తకంగా అమ్ముతుందని చెప్పాను. ఆవిడ ముఖం చూడాలి అప్పుడు. "అంటే ఒకే కథకి రెండుసార్లు డబ్బులా?" ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఆ రెండోసారి పుస్తకాలకి కూడా నేను డబ్బు పెట్టాను, ఆ లెక్క మాత్రం అడగొద్దు.

కోయలేక ఆవిడ ఒక నోట్‌బుక్ తీసి ఏ సంచికలో ఏ పేజీ నుంచి ఏ పేజీ దాకా ఉందో రాసుకుని, ఒకరోజు మధ్యాహ్నం అదంతా ఏకబిగిన చదివారు. నన్ను కూర్చోబెట్టి అడిగిన మొదటి ప్రశ్న: "వాళ్ళకి ఇతని మీద పగ ఎందుకు?"

అసలు రహస్యం అక్కడుంది. 1982లో వచ్చిన అపోకలిప్స్ వార్ అనే సీరియల్లో శత్రునగరం మెగాసిటీ వన్ మీద యుద్ధానికి వస్తుంది. డ్రెడ్ కొద్దిమందితో వెళ్ళి శత్రువుల క్షిపణుల స్థావరాన్నే పట్టుకుని, ఆ క్షిపణుల్ని వాళ్ళ నగరం మీదే వదులుతాడు. 50 కోట్లమంది పోతారు. ఈ కథలో కాలం మన కాలంతోపాటే నడుస్తుంది. 1977లో అక్కడ 2099, మనకి ఏడాది గడిస్తే అక్కడా ఏడాదే, డ్రెడ్‌కీ వయసు మీద పడుతుంది. కాబట్టి 1982లో నొక్కిన బటన్‌కి జవాబు 2011లో వచ్చిందంటే పాత్రలకీ పాఠకులకీ కూడా నిజంగానే ముప్పై ఏళ్ళు గడిచాయన్నమాట. రెండు కథలూ రాసింది జాన్ వాగ్నరే, మొదటిదానిలో అలన్ గ్రాంట్ కూడా ఉన్నాడు. ఇది విన్నాక అత్తగారు కాసేపు ఊరుకుని, "అప్పుడు నొక్కినవాడు ఇప్పుడు ఏడిస్తే ఎట్లా? అనుభవించాలి" అని లేచి పాలు కాచడానికి వెళ్ళిపోయారు. ఆ కథ ముగిసేసరికి 40 కోట్ల జనాభాలో 35 కోట్లమంది పోయారు. ఆ సోమవారాల మనిషి తర్వాత ఆ పుస్తకం కొనుక్కుని అద్భుతం అన్నాడు. ఆ మాటేదో వారంవారం అన్నా బాగుండేది.

అంతకుముందు 1984లో ఇదే పత్రికలో మొదలైన హేలో జోన్స్ అనే కథ విషయంలోనూ ఇదే జరిగింది. అలన్ మూర్ రాశాడు, ఇయాన్ గిబ్సన్ బొమ్మలు. తుపాకులు, రోబోలు అలవాటైన కుర్రాళ్ళ పత్రికలో, పనీపాటా లేని మామూలు అమ్మాయి సరుకులు కొనడానికి బయల్దేరితే దాన్నే సాహసంగా రాశాడాయన. ఆ కథలోవాళ్ళు మాట్లాడే యాస ఏమిటో వివరించను కూడా లేదు. అప్పటి పాఠకుల్లో చాలామందికి నచ్చలేదు, తర్వాతి భాగంలో కథకి ఊపు పెంచాల్సి వచ్చింది. తొమ్మిది భాగాలు అనుకున్నది రచయితకీ కంపెనీకీ మధ్య హక్కుల గొడవతో 1986లో మూడింటితోనే ఆగిపోయింది. ఇవాళ ఆ పత్రికలో వచ్చిన గొప్ప కథలు చెప్పమంటే అందరూ ఆ పేరు చెబుతారు. ఆ మొదటి వారాల్లో ఎవరి మాటో విని మానేసినవాళ్ళు ఏం పోగొట్టుకున్నారో మీరే చూడండి.

పాఠకుల మాటే వినకూడదనడం లేదు. ఈ పత్రిక సంపాదకుడు, పేరుకి, టార్గ్ అనే పచ్చరంగు గ్రహాంతరవాసి. ఆ ముసుగులో జవాబులిస్తారు, కథకులనీ బొమ్మలేసేవాళ్ళనీ రోబోలంటారు. మొదటి రోజుల్లో ఉత్తరంతోపాటు ఆ వారం నచ్చిన కథలేవో వరసగా రాసి పంపమనేవాళ్ళు. జపాన్‌లో షోనెన్ జంప్ అనే కామిక్ వారపత్రిక అయితే పాఠకుల ఓట్లు తగ్గిన సీరియల్‌ని కొద్ది వారాల్లోనే చుట్టచుట్టేస్తుంది, అది నాకు నచ్చని పద్ధతి. కానీ ఉత్తరం రాయాలంటే కలం తియ్యాలి, స్టాంపు అంటించాలి, డబ్బా దాకా నడవాలి. ఈ లోపల కోపం కొంత చల్లారుతుంది, కారణం ఏమిటో మనకే తెలుస్తుంది. మా అత్తగారు ఒకప్పుడు ఒక వారపత్రికకి కార్డు రాశారు, హీరోయిన్‌ని అన్ని కష్టాలు పెట్టడం రచయిత్రికి తగదని. అచ్చయింది. ఆ సీరియల్ మొత్తం చదివాకే రాశానని ఇప్పటికీ గర్వంగా చెబుతారు. ఇప్పుడేమో చివరి పేజీ దాకా వెళ్ళకముందే ఫోన్లో "బోర్" అని రెండక్షరాలు. దానికి మళ్ళీ పాతిక లైకులు.

మీ ప్రశ్నకి తిరిగి వస్తాను. చేతిలో ఉన్న సంచిక అర్థం కాకపోతే తప్పు మీది కాదు, పత్రికది కూడా కాదు. ఏడాదిలో కొన్నిసార్లు అన్ని కథలూ ఒకేసారి కొత్తగా మొదలయ్యే సంచికలు వేస్తారు, కొత్తవాళ్ళ కోసమే. అలాంటిది పట్టుకుని ఒక ఏడెనిమిది వారాలు వరసగా చదవండి. ఐదు కథల్లో రెండు నచ్చితే చాలు, మిగతా మూడూ ఎవరికో ఒకరికి నచ్చుతాయి. నలుపు తెలుపు బొమ్మలున్న కథని మాత్రం చూడగానే దాటెయ్యొద్దు, చాలామంది చేసే పని అదే.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో ఉన్నాను, బుధవారం డిజిటల్ కాపీ వచ్చేదాకా ఆగాలి. శనివారానికే పోస్టులో అందుకునే అదృష్టవంతులకి ఒక్క మనవి. బాగుందో లేదో మీ ఇష్టం వచ్చినట్టు రాసుకోండి, ఎవరు చచ్చారో మాత్రం బుధవారం దాకా రాయకండి.