రిజిస్ట్రార్ బాధ్యత తీసుకోబోతున్న నా శిష్యురాలికి

నెల్లూరు

అమ్మా,

యూనివర్సిటీ రిజిస్ట్రార్‌గా రమ్మంటున్నారని, ఒప్పుకోవాలా వద్దా అని అడిగావు. ఒప్పుకో. కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్‌కి ఫైళ్ల మధ్య ఏం పని అని ఇంట్లో అంటున్నారని రాశావు. చాలా పని ఉంది.

అయితే మొదటి కొన్ని నెలలు సాఫ్ట్‌వేర్ మాట ఎత్తొద్దు. ఏ ఇబ్బంది చూసినా ముందు ప్రోగ్రామ్ రాద్దామనిపించడం మన సబ్జెక్టు వాళ్లకున్న అలవాటు. వెళ్లి పరీక్షల విభాగంలో కూర్చో. మార్కుల మెమోలో ఒక పిల్లాడి పేరు తప్పు పడిందనుకో. కాలేజీ ప్రిన్సిపాల్ అర్జీ పంపాలి, అది టపాలో చేరాలి, సెక్షన్ అసిస్టెంట్ పాత రికార్డు తీయాలి, సూపరింటెండెంట్ నోట్ పెట్టాలి, ఆపైన సంతకాలు. ఇందులో కంప్యూటర్‌తో తగ్గేది రికార్డు వెతికే పని ఒక్కటే. మిగతా ఆలస్యమంతా ఎవరు ఎంతవరకు నిర్ణయం తీసుకోవచ్చో తేల్చకపోవడం వల్ల వచ్చేదే. పదో తరగతి మెమోలో ఉన్నట్టు పేరు సరిచేయడానికి అంత పైదాకా ఎందుకు వెళ్లాలి? సూపరింటెండెంట్ స్థాయిలోనే తేలేలా ఒక ఉత్తర్వు తయారుచేయించు. పరీక్షల కంట్రోలర్‌తో మాట్లాడాకే సుమా, ఆయన విభాగంలో ఆయన్ని దాటి ఏదీ చేయకు.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, 2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వచ్చేదాకా మన నెల్లూరు డిగ్రీ పిల్లలకు తిరుపతే దిక్కు. ఆంధ్ర కేసరి యూనివర్సిటీ వచ్చేదాకా ఒంగోలు వాళ్లు నాగార్జున యూనివర్సిటీ దాకా పోయేవాళ్లు. దగ్గరలో యూనివర్సిటీ పెట్టింది ఆ తిప్పలు తప్పించడానికి. ఉదయగిరి నుంచో కలిగిరి నుంచో కూలి మానుకుని వచ్చిన తండ్రిని రేపు రమ్మంటే, యూనివర్సిటీ దగ్గరికొచ్చి ఆయనకు ఒరిగిందేమిటి?

క్లాసు మాత్రం వదలకు. వారానికి ఒక్క సబ్జెక్టయినా పొద్దున్నే చెప్పి ఆఫీసుకు వెళ్లు. ఫలితాలు ఎందుకు ఆగాయో, ల్యాబులో ఎన్ని సిస్టమ్‌లు పనిచేయడం లేదో పిల్లలు చెప్పినంత నిజంగా ఏ సమీక్షలోనూ ఎవరూ చెప్పరు. యూజీసీ ఎనిమిది మంది పీహెచ్‌డీ విద్యార్థుల దాకా అనుమతిస్తుంది కదా అని కొత్తవాళ్లను తీసుకోకు. ఉన్నవాళ్ల థీసిస్‌లు పూర్తి చేయించు, వాళ్ల జీవితాలు నీ తీరిక మీద ఆధారపడి ఉన్నాయి.

కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారిని చూడు. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ స్కూలుకు 1991 నుంచి 1999 వరకు డీన్. కంప్యూటర్ సైన్స్‌లో అన్నిటికన్నా పెద్దదైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది 1994లో, ఆ పదవిలో ఉండగానే. తర్వాత మన ట్రిపుల్ ఐటీలకు, అంటే ఇప్పుడు ఒంగోలు క్యాంపస్ కూడా ఉన్న ఆర్‌జీయూకేటీకి, తొలి ఛాన్సలర్ అయ్యారు. పల్లెటూరి బడుల్లో పది చదివిన పిల్లల కోసం పెట్టిన విద్యాసంస్థ అది. పరిపాలన అంటే చదువుకు దూరం కావడమని ఎవరైనా అంటే నాకు ఆయనే గుర్తొస్తారు.

వైస్ ఛాన్సలర్ పదవి గురించి ఇప్పుడే ఆలోచించకు. దానికి ప్రొఫెసర్‌గా పదేళ్ల అనుభవం కావాలి, నీకింకా టైముంది. ఆ కుర్చీ కోసం ఇప్పటినుంచే మనుషుల్ని కూడగట్టడం మొదలుపెడితే ప్రతి సంతకానికీ టెన్షన్ పడాల్సి వస్తుంది.

గెస్ట్ ఫ్యాకల్టీ జీతాల ఫైలు నీ బల్ల మీద రాత్రి ఉండకూడదు. ఛార్జ్ తీసుకునే రోజు పెండింగ్ కోర్టు కేసుల జాబితా, ఒక్కో కేసులో కౌంటర్ (మన తరఫు జవాబు) ఎప్పటిలోగా వేయాలో తేదీలతో సహా రాతపూర్వకంగా అడుగు. అది చేతికొచ్చాక ఒక ఆదివారం ఇంటికి రా, కూర్చుని ఒక్కొక్కటీ చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు